ఒంటి తుమ్ము

తెనాలి రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చుని ఇద్దరు ఇడ్లీ తింటున్నారు. పెద్దాయన నాగమల్లేశ్వరరావు. వీధిలోవాళ్ళకు ఆయన వ్యాపారం మానుకున్న బట్టల షావుకారు, డిపార్ట్‌మెంటుకు మాత్రం చీఫ్. రెండోవాడు ఏజెంట్ అశోక్. మెడలో వేలాడుతున్న బ్యాడ్జి మీద ‘రామకృష్ణ, సొల్యూషన్ ఆర్కిటెక్ట్’ అని ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ ఇడ్లీ కన్నా ముందే అయిపోయింది. వేటకెళ్ళిన ప్రతి బోటూ ఎక్కడుందో అందులోని మిషను ద్వారా కోస్ట్‌గార్డు తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ పేరు సాగరదీపం. ఆ రోజు బాపట్లలో జరిగే టెక్నాలజీ కాన్ఫరెన్సులో, సరిగ్గా కీనోట్ సమయానికి, అది ఆరిపోబోతోందని కబురు. ఎలా ఆరుతుందో తెలీదు. ఆరితే మళ్ళీ వెలిగించడానికి గంట పడుతుంది. ఆ గంటలో ఒక విదేశీ ముఠా ఓడ నిజాంపట్నం వైపుకొచ్చి పేలుడు సామాను దించేస్తుంది. దారికి అడ్డొచ్చిన బోటును ముంచేస్తుంది, మునిగిందన్న సంగతి కూడా ఎవరికీ తెలీదు.

“రెండు నెలల వేట నిషేధం నిన్నటితో అయిపోయింది. ఈ పొద్దుటే బోట్లు బయల్దేరుతున్నాయి. మీ తమ్ముడు అజయ్ బాబు బోటు కూడా అటే ఉందయ్యా.”

“బాపట్లకి రైలెప్పుడు సార్?” అన్నాడు అశోక్.

చీఫ్ అతని మొహంలోకి చూశారు. మూడేళ్ళ కిందట తుఫానులో అశోక్ తండ్రి అంకయ్య సముద్రం నుంచి తిరిగిరాలేదు. ఆ రోజు నుంచి అశోక్ లోపల ఏదో మొద్దుబారిపోయింది. అన్నం తింటాడు, రుచి తెలీదు. తుపాకీ గురిపెట్టినా గుండె కాస్తయినా వేగంగా కొట్టుకోదు. డిపార్ట్‌మెంటు వాళ్ళు దాన్ని ధైర్యం అనుకుని రెండు మెడల్స్ కూడా ఇచ్చారు.

రైలొచ్చింది. అశోక్ లేవగానే చీఫ్ గట్టిగా ఒక తుమ్ము తుమ్మారు. ఒకటే. వెంటనే అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఒంటి తుమ్ము మంచిది కాదు, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నారు. రెండోది వస్తే దోషం పోయేదట, అది రాలేదు. నీళ్ళు గొంతు దిగేలోగా రైలు కదిలి వెళ్ళిపోయింది. శత్రువుల ఫోన్లు వినే మనిషి, ఉపగ్రహాలతో మాట్లాడే మనిషి, ఆయన నిబ్బరంగా “బస్సుంది లేవయ్యా” అన్నారు. అశోక్ పొన్నూరు మీదుగా బస్సులో పోయాడు. దారిలో తల్లి మస్తానమ్మ ఫోను చేసి, తమ్ముడికి అప్పుడే ఫోన్ చెయ్యొద్దని చెప్పింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి గంగమ్మకు హారతిచ్చేదాకా ఇంజిను తప్ప ఇంకే మిషనూ ఆన్ చెయ్యరు, అది వాళ్ళ ఊరి ఆనవాయితీ.

బాపట్ల ఆడిటోరియం బయట టీ కౌంటర్ దగ్గర అశోక్ కోడ్ వాక్యం వదిలాడు. “చక్కెర లేని టీ ఉందాండి?”

“జంపని పంచదారైతే కాస్త వేసుకోండి,” అని జవాబొచ్చింది.

తిరిగి చూస్తే నెమలికంఠం రంగు పట్టుచీర, చెవులకు పచ్చల దుద్దులు. రాధారాణి. పైకి క్లౌడ్ కన్సల్టెంట్, ముఠాలో మన మనిషి. సూర్యలంక తీరంలో పుట్టి సింగపూర్‌లో మెరుగులు దిద్దుకున్న పిల్ల. లోపలికి నడుస్తూ అతని జేబులోని పెన్నును, అంటే సిగ్నల్ జామర్‌ను, నవ్వుతూనే తీసి తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది. అశోక్‌కు ఆశ్చర్యం కూడా కలగలేదు.

కీనోట్ వక్త సాయి సుధ. పేరాల నేతవాళ్ళ అమ్మాయి. ఖర్చు తెలిసి కట్టే సాఫ్ట్‌వేరే పదికాలాలు నిలుస్తుందని మొదలుపెట్టింది. పని లేకుండా తిరిగే సర్వరు ఎవరూ లేని గదిలో వేసి వదిలేసిన ఫ్యానులాంటిదని, కరెంటు బిల్లు కట్టేది మనం, వేడి భరించేది భూమి అని చెప్పింది. నమ్మకాలతో ఇంజినీరింగ్ చెయ్యొద్దు, కొలిచి చూడండి అంది. హాలంతా చప్పట్లు. అశోక్ కూడా కొట్టాడు, చేతులు తనవి కానట్టు.

“ఇప్పుడు లైవ్ డెమో,” అంది సాయి సుధ. “రెండు నెలలుగా ఎవరూ వాడని సిస్టంని మీ కళ్ళ ముందే ఆపేస్తాను. వాడుతున్నవాళ్ళు ఒక్కరున్నా ఇది ఆపనివ్వదు. డెమోకి సిస్టం ఎంచి ఇచ్చింది రాధారాణి గారి కంపెనీ.”

తెర మీద అంకె వెలిగింది. యాక్టివ్ యూజర్లు: సున్నా.

అశోక్‌కు అప్పుడు అర్థమైంది. ఆ సిస్టం సాగరదీపమే. హ్యాకరూ లేడు, బాంబూ లేదు. సున్నా అంటే బోట్లు లేవని కాదు. మొగ దాటలేదు, హారతి అవలేదు, మిషన్లు ఆన్ చెయ్యలేదు. ఆ ఆనవాయితీ తెలిసినవాళ్ళెవరో ఈ రోజును, ఈ గంటను చూసి మరీ పెట్టించారు. పాపం ఈ పిల్ల మంచిపని చేస్తున్నాననుకుంటూ తన చేత్తోనే దీపం ఆర్పబోతోంది.

అతను లేవబోయాడు. మణికట్టు మీద సన్నగా సూది గుచ్చుకుంది. రాధారాణి ఉంగరం.

“వెనక సీట్లో హోల్ట్ ఉన్నాడు,” పెదవులు కదపకుండా అంది. “ముఠాకి పెద్ద. తెలుగు బాగా వచ్చు, మా అందరికన్నా బాగా. మీరు లేచినా, నోరు విప్పినా ఈ సూది దింపాలి. దింపకపోతే నేను మిగలను.”

సాయి సుధ కౌంట్‌డౌన్ మొదలుపెట్టింది. ఐదు, నాలుగు. తమ్ముడు ఈపాటికి కర్పూరం వెలిగిస్తూ ఉంటాడు, గాలికి ఆరిపోతుంటే తిట్టుకుంటూ ఉంటాడు. అశోక్‌కు భయం వెయ్యలేదు. భయం వెయ్యనందుకు మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది. మూడు. లేవకూడదు, మాట్లాడకూడదు. రెండు.

అశోక్ తుమ్మాడు.

ఒకటే. ఏసీ హాలు మారుమోగేట్టు.

సాయి సుధ వేలు బటన్ మీద గాల్లోనే ఆగిపోయింది. ముందు వరుసలోంచి ముసలి ప్రొఫెసర్ సుబ్బయ్యగారు చెయ్యెత్తి, “ఆగమ్మా, ఒంటి తుమ్ము. కాసిని మంచినీళ్ళు తాగి నొక్కు,” అన్నారు. వెయ్యిమంది ఇంజినీర్లు తలలూపారు.

“కొలవమన్నది నేనే, నిజమేనండి,” సాయి సుధ సిగ్గుపడుతూ నవ్వింది. “కానీ మా నాయనమ్మకి తెలిస్తే ఊరుకోదు.” సీసా మూత తిప్పింది.

వెనక సీట్లో హోల్ట్ ముందుకు వంగాడు. భాష మొత్తం నేర్చుకున్న మనిషికి ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ కనపడలేదు. ఏం జరిగిందని, ఎందుకు ఆపిందని రాధారాణి చెవిలో అడిగాడు.

రెండో తుమ్ము పడితే దోషం పోతుంది, వేలు దిగిపోతుంది. సూర్యలంకలో పుట్టిన పిల్లకు ఆ సంగతి వేరే చెప్పాలా. రాధారాణి రుమాలు తీసి ముక్కు దాకా తీసుకెళ్ళింది. అశోక్ ఊపిరి బిగబట్టాడు. ఆమె రుమాలుతో నుదుటి చెమట తుడుచుకుంది.

“నీళ్ళు తాగుతోంది సార్. గొంతెండినట్టుంది,” అంది హోల్ట్‌తో.

సాయి సుధ సీసా దించి వేలు చాపింది. తెర మీద సున్నా ఒకటైంది. తర్వాత ఏడు, నలభై, రెండు వందలు. బటన్ దానంతటదే బూడిదరంగుకు మారిపోయింది. హాల్లో ఒకటే నవ్వులు. కొలవకుండా చేస్తే ఏమవుతుందో చూశారుగా అని సాయి సుధ తప్పును కూడా పాఠంలో కలిపేసుకుంది.

సూది మణికట్టు మీద నుంచి తొలగింది. హోల్ట్‌ను భోజనాల వరుసలో, పులిహోర ప్లేటుతో సహా పట్టుకున్నారు. అతని ఓడ కోస్ట్‌గార్డుకు దొరికింది. ఆ ఓడకు అతి దగ్గరలో ఉన్నది అజయ్ బాబు బోటేనని తర్వాత తెలిసింది. రాధారాణి మాత్రం ఎవరికీ దొరకలేదు. అశోక్ జేబులో పెన్ను మళ్ళీ ఎప్పుడొచ్చి చేరిందో అతనికే తెలీదు.

మధ్యాహ్నం అతను పిట్టలవానిపాలెం మీదుగా పోయే రేపల్లె బస్సెక్కాడు. చీఫ్ ఫోన్ చేసి రిపోర్టులో ఏ పరికరం వాడినట్టు రాయాలని అడిగారు. ముక్కు అని రాయమన్నాడు అశోక్. కరెంటు అక్కర్లేదు, మెయింటెనెన్సూ లేదు.

ఆ వెంటనే ఇంకో ఫోను. గాలి హోరులో తమ్ముడి గొంతు.

“అన్నయ్యా, వల నిండిందిరా. అమ్మకి చెప్పు.”

అశోక్ జవాబు చెప్పబోయాడు. మూడేళ్ళుగా గడ్డకట్టుకుపోయిందంతా ఒక్కసారిగా కరిగి కళ్ళలోకి వచ్చింది. తండ్రి పోయిన రోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. బస్సు స్టార్టయింది. ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసి, ఈసారి నిజంగానే ఒక తుమ్ము వచ్చింది.

“కాస్త ఆపు నాయనా,” పక్కసీట్లోని ముసలావిడ పుల్లమ్మ డ్రైవరును కేకేసింది. “ఈ అబ్బాయి ఒంటి తుమ్ము తుమ్మాడు.”

డ్రైవరు మారుమాట లేకుండా ఇంజిను ఆపి, మంచినీళ్ళ సీసా అందుకున్నాడు.