ఏ చక్రం కూసింది?

కీ...చ్!

తెనాలిలో కారు మెకానిక్ దావీదు షెడ్డు ముందు నల్ల కారు ఆగింది. ఆ బ్రేకు కూతకి గుమ్మంలో పడుకున్న కుక్క లేచి పరుగు తీసింది. అన్నం తింటున్న దావీదు కూతురు రూతు గబగబా చెయ్యి కడుక్కుని, గూట్లో ఉన్న చాక్‌పీసు అందుకుని బయటికి ఉరికింది.

అది రూతు ఉద్యోగం. పాతికేళ్లు సుత్తి దెబ్బల మధ్య గడిపిన నాన్న చెవులకు సన్నటి కూతలు అందవు. ఆయన కారు మెల్లగా నడుపుతూ బ్రేకు తొక్కుతుంటే, పదకొండేళ్ల రూతు వెనకే నడిచి, కూసే చక్రం మీద గీత గీస్తుంది. ఇంతవరకూ ఒక్క గీతా తప్పలేదు.

"దావీదూ, నాలుగింటికి బాపట్లలో మా అమ్మాయికి వీణ పోటీ. రెండింటికల్లా బయల్దేరాలయ్యా," అన్నారు రైసుమిల్లు చలపతిరావుగారు కారు దిగుతూ. "ఈ గోల ఏంటో చూడు."

వెనక సీట్లో వీణ పట్టుకుని కూర్చున్న అమ్మాయి కూడా దిగింది. పేరు వసుంధర. రూతు ఈడుదే. చాక్‌పీసుతో కారు వెనక నిలబడ్డ రూతుని చూసి అడిగింది.

"నేను కూడా నడవనా బాబాయిగారూ?"

"రామ్మా, దానికేం," అన్నాడు దావీదు.

కారు కదిలింది. కీచ్! రూతు చెవి రిక్కించింది. వెనక ఎడమ చక్రం. సందేహం లేదు. చాక్‌పీసు ఎత్తేలోగా,

"ఎడమది! వెనక ఎడమది!" అని అరిచింది వసుంధర. "మా వీణలో పై 'ని' స్వరంలాగా పలుకుతోంది."

దావీదు కారు ఆపి తల బయటపెట్టాడు. "అబ్బో! ఏం చెవమ్మా నీది! ఒక్క నడకకే పట్టేశావే! రూతూ, ఆ చాక్‌పీసు అమ్మాయికివ్వు. గీత తననే గీయనీ."

రూతు చాక్‌పీసు ఇవ్వకుండా గుప్పిట్లో బిగించింది. నాన్న తనని ఏనాడూ 'అబ్బో' అనలేదు. దీనికి కారుంది, వీణ ఉంది. ఇప్పుడు నా చాక్‌పీసు కూడా కావాలా?

"ఎడమది కాదు నాన్నా. కుడిది," అంది.

"నిజంగానా?"

"నేను సరిగ్గానే విన్నాను."

దావీదు వసుంధర వైపు తిరిగాడు. "ఏమనుకోకమ్మా. రూతంటే నాకు సొంత చెవి."

రూతు కుడి చక్రం మీద లావుపాటి గీత గీసింది. వసుంధర మొహం చిన్నబోయింది. అది చూసి రూతు లోలోపల సంతోషపడింది. ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు.

జాకీ లేచింది. చక్రం ఊడింది. డ్రమ్ము ఊడింది. లోపల బ్రేకు షూలు శుభ్రంగా ఉన్నాయి. దావీదు వేలితో తడిమాడు. టార్చి వేసి చూశాడు. ఏ లోపమూ లేదు.

"మీ అమ్మాయి పొరపాటు పడిందేమోనయ్యా," అన్నారు చలపతిరావుగారు వాచీ చూసుకుంటూ.

"మా రూతు పొరపాటు పడదండీ. నాకే దొరకటం లేదు. చెవులు ఎటూ పోయాయి. ఇప్పుడు కళ్లు కూడా పోతున్నాయి కాబోలు."

నవ్వుతూనే అన్నాడు. కానీ అదే డ్రమ్మును మూడోసారి తిప్పి చూస్తున్నాడు.

"పోనీ, అలాగే వెళ్లిపోతాం."

"బ్రేకు ఎందుకు కూస్తోందో తెలియకుండా బాపట్ల దాకా పంపలేనండీ."

"అయితే బస్సే గతి. పదమ్మా."

"బస్సులో తోపులాటకి వీణ విరిగిపోతుంది నాన్నగారూ," అంది వసుంధర. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రూతు నాన్న చేతుల వంక చూసింది. అవి ఇంకా వెతుకుతూనే ఉన్నాయి, లేని తప్పు కోసం.

"నాన్నా... ఎడమదే."

"ఏంటమ్మా?"

"నాకూ ఎడమదే వినపడింది. తను ముందు చెప్పేసిందని ఒళ్లు మండి కుడిదన్నాను."

దావీదు కూతురి వంక ఒక్కసారి చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"స్పానరివ్వు," అన్నాడు.

ఎడమ డ్రమ్ము ఊడగానే నల్లటి పొడి రాలింది. షూ మీది లైనింగ్ అద్దంలా మెరుస్తోంది.

"ఇదీ సంగతి. నున్నబడిపోయింది. డ్రమ్మును పట్టుకోలేక జారి కూస్తోంది."

తడిగుడ్డతో పొడి తుడిచి, మెరుపు పోయేదాకా ఉప్పు కాగితంతో రుద్దాడు. వసుంధర గ్రీజు డబ్బా తెచ్చింది. "కూత పోవాలంటే దానికి ఇది పూయాలా?"

"అమ్మో, వద్దు!" రూతు ఆ చెయ్యి పట్టుకుంది. "లైనింగ్ మీద పడితే బ్రేకే పట్టదు. ఇదిగో, షూ దాని వెనకున్న రేకుకి ఆనే ఈ చోట్ల మాత్రం కొంచెం రాయాలి." ఆ చెయ్యి వదలకుండానే మెల్లగా అంది, "నీ మాట తప్పు అని అబద్ధం చెప్పాను. కోపమా?"

"ఉంది," అంది వసుంధర. డబ్బా కింద పెడుతూ, "నీకూ 'ని' లాగే వినపడిందా?" అంది.

"ఏమో. నాకైతే పిల్లి తోక తొక్కినట్టు వినపడింది."

వసుంధర ఫక్కున నవ్వింది.

చక్రాలు రెండూ బిగించాక దావీదు కారెక్కాడు. అమ్మాయిలిద్దరూ వెనక నడిచారు. కారు కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది, ఆగింది. టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు తప్ప రూతుకి ఏమీ వినపడలేదు.

"ఏమ్మా రూతూ, కూత ఉందా?"

నాన్న మళ్లీ తననే అడిగాడు! జవాబు నాలుక చివరికొచ్చింది. రూతు దాన్ని అక్కడే ఆపి, చాక్‌పీసు వసుంధర చేతిలో పెట్టింది.

"ముందు వసుంధర చెబుతుంది నాన్నా."