సీసం ఆగుతుంది... రాగి ఆగదు!

తలుపు మీద తన్ను!

గడియ ఊడి పడింది.

మంగళ ఒక్క ఉదుటున ఊయల దగ్గరికి దూకి ఊపడం మొదలుపెడుతుంది.

లోపలికొస్తున్నాడు తుకారాం. చేతిలో పిస్టల్!

పోయిన నెల గ్రాంట్ రోడ్ బ్రిడ్జి కింద వాడు ఒకణ్ణి పొడిచేస్తుంటే మంగళ మొగుడు శివరాం చూశాడు. రేపు కోర్టులో సాక్ష్యం.

ఆ సాక్షి కోసమే వచ్చాడు...

“మొగుడేడి వదినా?”

“డ్యూటీకి పోయిండు. వస్తడు. కిటికీ కాడ కుర్చీ ఉంది, కూసో అన్నా. చాయ్ పెడ్త.”

“మొగుణ్ణి చంపెటోనికి చాయా? మస్తు ఇల్లాలివి!”

నవ్వుతూ కూర్చుంటాడు. వెనకే ఊయల. వీపు దానికి, ముఖం కిటికీకి.

“పోరి పండుకుందా?”

“ఇప్పుడే పండుకుంది...”

“ఊపుతనే ఉండు. లేసి ఏడ్సిందనుకో, నాకు తిక్క లేస్తది!”

మంగళ ఊపుతోంది.

ఊయలలో పాప లేదు!

మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే పాపను పక్క గదిలో ఉండే రత్నాబాయి చేతికి అందించేసింది. చీర ఊయలలో ఉన్నది దుప్పటి చుట్టిన దిండు.

వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే...

మంగళ కళ్లు కిటికీ వైపు. వాన వెలిసింది గానీ అద్దాల రెక్కలు మూసే ఉన్నాయి. మూడు గల్లీల అవతల నీళ్ల ట్యాంకు. దాని మీద శివరాం!

మిల్లు మూతపడ్డాక తుపాకుల రిపేరు షాపులో లేత్ పనికి కుదిరాడు. ఆ షాపు రైఫిలే ఇప్పుడు అతని భుజాన ఉంది.

సాక్ష్యానికి ముందే తుకారాం వస్తాడని తెలిసే, నిన్న రెండు తూటాలు ఆమె అరచేతిలో పెట్టాడు.

“ఇది సీసం. బరువుంటది. దూరం పోయినా గాలికి జల్ది పక్కకు పోదు. కానీ మెత్తది. అడివిపంది బొక్కకు తగిల్తే లోపల్నే పగిలి ఆగుతది. అద్దానికి తగిల్తే ఆడ్నే చెదిరిపోతది.”

“మరి ఇది?”

“మొత్తం రాగి. తేలిక. గాలికి జర పక్కకు పోతది, నేను సూసుకుంట. కానీ పగలదు. అద్దం, చెక్క, పంది... అన్నిట్లకెల్లి పోయి ఎనకున్నోణ్ణి గూడ తీస్తది. రేపు ఇదే పెడ్త. వాని ఎనక ఎవ్వరుండొద్దు మంగళా!”

ట్యాంకు మీద చిన్న మెరుపు. రైఫిల్ స్కోప్!

మరి కాల్చడేం?

మంగళకు అప్పుడు అర్థమైంది.

ఖాళీ ఊయల ఊపితే బిడ్డకు కీడు. ఈ చాల్ ఇళ్లలో ఏ తల్లీ ఊపదు. ఊయల ఊగుతోందంటే అందులో బిడ్డ ఉన్నట్టే!

శివరాం చూస్తున్నది ఆ ఊయలనే...

రాగి పెట్టడు. సీసం పెడతాడు. కానీ అద్దం?

ఠాప్!

అద్దం భళ్లుమంది. తూటా ముక్కలు ముక్కలు! తుకారాం చెంప చీరుకుపోయింది. అంతే. ప్రాణంతోనే ఉన్నాడు!

ఒక్క గెంతు. లోపలి చెక్క రెక్కను ఒకవైపు మూసి దాని చాటుకు చేరాడు. పిస్టల్ మూతి మాత్రం సందులోంచి బయటికి.

“గిదేనా నీ మొగుని నిషానా? నా ఎనక నీ పోరి ఉంది! ఇప్పుడు కాల్చమను!”

సీసం ఆ చెక్కను దాటదు. రాగి దాటుతుంది. కానీ ఊయల ఉండగా శివరాం రాగి పెట్టడు!

మంగళ కొక్కేనికున్న ముడి లాగేస్తుంది.

దిండు దబ్బున కింద పడింది!

చీరను పగిలిన అద్దంలోంచి బయటికి విసిరేసింది. గ్యాలరీ కటకటాల మీద పచ్చచీర రెపరెపలాడుతోంది... ఖాళీగా!

తుకారాం వెనక్కి తిరిగాడు. దిండును చూశాడు.

“పోరి ఏదే?!”

పిస్టల్ మంగళ నుదుటి వైపు లేస్తోంది.

ఆమె నేలకు కరుచుకుపోయింది.

ఠాప్!

చెక్క రెక్కలో గుండ్రటి బెజ్జం. తుకారాం నోరు తెరుచుకునే కూలిపోయాడు.



మంగళ పాక్కుంటూ వెనక గోడ దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఇంకో బెజ్జం. వేలు పెడుతుంది. లోపల రాగి... చురుక్కుమంది!

సరిగ్గా ఊయల వేలాడిన ఎత్తులో.

చప్పుడుకు లేచి పక్క గదిలో పాప కేర్‌మంది!