రెండో ట్యాంకులో ఆవిడ

నిడదవోలు దాటాక కాలవగట్టు పక్కన ఓ కాలనీ మురుగునీటి ప్లాంటు ఉంది. అందులో రెండో ట్యాంకు మంచిది కాదని చెప్పుకుంటారు. పగలు బుద్ధిగానే ఉంటుంది. రాత్రి ఒంటిగంట దాటిందా... లోపల ఎవరో ఆడమనిషి గొంతు సవరించుకుంటుందట. ఆ వెనకే కుళ్లు కంపు. తెల్లారేసరికి గోడ మీదుగా నురగ.

ఆ ట్యాంకు పని, మురుగులోని బురదని గాలితో అరగించడం. గాలి ఊదేది బ్లోయరు. దాని మోతకి పక్కవాడి మాట వినబడదు. లాగ్‌బుక్కు చూస్తే బ్లోయరు రాత్రంతా తిరుగుతున్నట్టే ఉంది. మరి బురద ఎందుకు కుళ్లుతోంది?

ఈ ప్రశ్న కొత్త కెమిస్టు శ్రీదుర్గ మెడకి చుట్టుకుంది. శుక్రవారంలోగా కంపు పోకపోతే నువ్వు పోతావని మేనేజరు చల్లగా చెప్పాడు. దెయ్యమంటే ఆమెకి భయమే. ఉద్యోగం పోవడమంటే ఇంకా భయం. గురువారం రాత్రి ఎవరికీ చెప్పకుండా వచ్చి ట్యాంకు మెట్ల మీద కూర్చుంది.

ఒంటిగంటయింది. బ్లోయరు... ఠక్కున ఆగిపోయింది.

ఎక్కడా చప్పుడు లేదు. అరగంట గడిచింది. అప్పుడు, అడుగునుంచి — గుళుక్... గర్‌ర్...

శ్రీదుర్గ ఒక్క ఉదుటున లేచింది. మెట్లు ఎలా దిగిందో తెలీదు, మోటారు గదిలో పడింది. చీకట్లో ఎవరో... కిటికీకి చెవి ఆనించి కూర్చున్నారు.

నైట్ ఆపరేటరు పెద్దిరాజు.

"బ్లోయరు ఎవరాపారండీ?"

"మెల్లిగా మేడంగారూ... నేనేనండి. రోజూ ఆపుతానండి."

"ఎందుకు?"

"అది తిరుగుతుంటే ఆవిడ వచ్చినా వినబడదు కదండీ."

శ్రీదుర్గ కింద చతికిలబడింది. గాలి ఆగితే బురద అడుగుకి దిగి కుళ్లుతుంది, బుడగలు పైకి తన్నుకొస్తాయి. ఆ బుడగల చప్పుడు విన్న ఈ మహానుభావుడు మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు ఆపుతున్నాడు.

"మరి లాగ్‌బుక్కులో?"

"రాత్రి అంకెలు సాయంత్రమే రాసేస్తానండి. భయంలో చెయ్యి వణికి రాత కుదరదండి."

ఆమె లేచి స్విచ్చి వేసింది. మోత లేచింది. అంత హాయైన మోత ఆమె పుట్టి ఎరగదు. తెల్లారగట్ల మీటరులో, అప్పటిదాకా సున్నా దగ్గరున్న ఆక్సిజన్ ఒకటి దాటింది, కంపు సగానికి సగం తగ్గింది. ఉద్యోగం దక్కిందని ఆమెకి కళ్లనీళ్లొచ్చాయి.

పెద్దిరాజు ఆమె చెవి దగ్గరకి వంగాడు.

"మంచిదేనండి. కాకపోతే ఇకమీదట ఆవిడొచ్చి వెనకాలే నుంచున్నా మనకి తెలీదండి."

శ్రీదుర్గ నవ్వింది. నవ్వి, కుర్చీని గోడకి ఆనించి కూర్చుంది.