ఉత్త ఫ్లాష్

చోడవరం బస్టాండు ఎదుట హరిబాబు ఫొటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోకని కూర్చున్న పెద్దమనిషి మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"సార్, మీసం," అన్నాడు హరిబాబు కొడుకు దిలీప్.

గూఢచారి శాఖ చీఫ్ గణపతిరావు మీసాన్ని అదిమి గొంతు తగ్గించాడు. "ఏజెంట్ దిలీప్, అసైన్‌మెంట్. రేపు విశాఖ నుంచి 'నీలవేణి' క్రూయిజ్ షిప్ బయల్దేరుతుంది. అందులో నువ్వు ఫొటోగ్రాఫర్‌వి. పాతకాలపు ఫిలిం కెమెరాతో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీసే స్టూడియో ఉందక్కడ. ఉన్న ఫొటోగ్రాఫర్ శత్రువుల మనిషి. నిన్న లోపలేశాం."

"వాడి స్థానంలో నేను. తర్వాత?"

"అశ్విని వస్తుంది. మన డబుల్ ఏజెంట్. ఆమె దగ్గర మన సబ్‌మెరైన్ వెళ్ళే రూటు మ్యాపు ఉంటుంది. దొంగ మ్యాపు, మనమే చేయించాం. తారీకు కూడా ఇరవై తొమ్మిది అని తప్పే వేయించాం. ఫొటో తీసి రీలు ఆమెకివ్వు. పుదుచ్చేరి రేవులో శత్రువు అందుకుంటాడు."

"ఫిలిమే ఎందుకు సార్?"

"ఫోన్లూ చిప్పులూ చెకింగులో దొరుకుతాయి. రీలు తెరిచి చూద్దామంటే వెలుగు తగిలి బొమ్మ మాయం. వాళ్ళ తెలివి అది. నువ్వు మాత్రం చెప్పింది చెయ్యి. సొంత తెలివి వద్దు."

చీఫ్ వెళ్ళగానే ఆ స్టూలు మీద దిలీప్ మామ్మ అచ్చియ్యమ్మ కూర్చుంది.

"సాయిగుంటడు ఫోన్ సేసేడు. సెలవు కేన్సిలంట. పద్నాలుగో తారీకు నించి ఫోనందదంట. ఆ నీళ్ళ కింద ఏటుందిరా ఆడికి?"

దిలీప్ తమ్ముడు సాయికిరణ్ సబ్‌మెరైన్‌లో సెయిలర్. వాడు చెప్పకూడనిది కొంత చెప్పేశాడు.

"ఒరే హరీ, నాకో ఫొటో తియ్యరా," అంది ముసలమ్మ కొడుకుతో.

హరిబాబు పాత ఫిలిం కెమెరా ఎత్తాడు. ఫ్లాష్ వెలిగింది, టిక్కుమంది.

"కన్నతల్లికే ఉత్త ఫ్లాష్ కొడతావేట్రా!"

రీళ్ళ కాలంలో పెళ్ళి ఫొటోగ్రాఫర్లకు ఇది వెన్నతో పెట్టిన విద్య. మీదపడే చుట్టాలందరికీ రీలు ఖర్చుపెడితే కొంప కొల్లేరే. అందుకని బొటనవేలితో ఫ్లాష్ మీది టెస్ట్ బటన్ నొక్కి, నాలుకతో 'టిక్' అనేవారు. చుట్టం మురిసిపోయేవాడు, రీలు మిగిలేది.

"రీళ్ళు దొరకట్లేదే అమ్మా," నసిగాడు హరిబాబు.

దిలీప్ కెమెరా లాక్కుని ఈసారి నిజంగానే నొక్కాడు. సరిగ్గా అప్పుడే అచ్చియ్యమ్మ లెన్సు వైపు చూపుడువేలు చాచి, పళ్ళు కొరుకుతూ, "తండ్రీ కొడుకూ ఒకటేరా!" అంటోంది.

"ఈపాలి పడింది మామ్మా. వచ్చేక కడిగిస్తాను."

"బొమ్మ సూపించు, అప్పుడు నమ్ముతాను."

అదే కెమెరా, అదే రీలుతో దిలీప్ ఓడెక్కాడు.

పుదుచ్చేరి దగ్గర పడుతోంది. పైన డెక్ మీద డ్రమ్ములు మోగుతున్నాయి. పచ్చటి సిల్కు గౌనులో అశ్విని స్టూడియోలోకి వచ్చి తలుపేసింది. బయట ఆమె వస్తాదులిద్దరు కాపలా నిలబడ్డారు.

"నా ఎడమ బుగ్గ మాత్రమే తియ్యాలి."

"ఎడమ బుగ్గకి ఎక్స్‌ట్రా, మేడం."

కోడ్ కలిసింది. ఆమె విసనకర్ర విప్పి, పొరల్లోంచి పలచటి కాగితం లాగి బల్ల మీద పరిచింది. "ఉన్నది ఇదొక్కటే. ఫొటో పడగానే కాల్చేస్తాను. కాగితంతో చెకింగ్ దాటలేను."

దిలీప్ ఫోకస్ చేశాడు. మ్యాపు మూలనున్న తారీకు కనిపించింది. ఇరవై తొమ్మిది కాదు, పద్నాలుగు. సాయి ఫోనందదన్న రోజు.

ఇది అసలు మ్యాపు! అశ్విని చీఫ్‌ని కూడా అమ్మేసింది. ఈ బొమ్మ రేవు దాటితే ఆ సబ్‌మెరైన్ తిరిగి రాదు. అందులో సాయి ఉంటాడు.

చెవిలోని బుల్లి ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఫొటో తీసి రీలివ్వు. ఇది ఆర్డర్!"

ఆర్డరు చీఫ్ దగ్గరే ఉండనీ అనుకుంటూ దిలీప్ చెవి గోక్కుంటున్నట్టు ఇయర్‌పీస్ కట్టేశాడు. బొటనవేలు టెస్ట్ బటన్ మీదికి పోయింది.

ఫ్లాష్. 'టిక్.' ఇంకోసారి. 'టిక్.'

అశ్విని కనుబొమ్మ లేచింది. "ఆ శబ్దమేమిటి?"

"పాత కెమెరా, మేడం. కీళ్ళనొప్పులు."

ఆమె లిప్‌స్టిక్ మూత తీసి అతని వైపు గురిపెట్టింది. లోపల రంగు లేదు, తూటా ఉంది. "వెనక మూత తెరువు. రీలు చూడాలి."

దిలీప్ గొళ్ళెం మీద వేలు పెట్టి ఆమె కళ్ళలోకి చూశాడు. "తెరుస్తాను. వెలుగు తగిలి మీ మ్యాపు పోతుంది. మీ బాసులకు మీరే చెప్పుకోండి. తెరవమంటారా?"

నిజానికి తెరిస్తే పోయేది మామ్మ బొమ్మ ఒక్కటే. కానీ ఆ తర్వాత కొత్త రీలు వేయించి, ఈసారి అతని బొటనవేలినే కనిపెట్టి చూస్తుంది.

ఓడ హారన్ మోగింది. మెట్ల మీద చెకింగ్ ఆఫీసర్ల బూట్ల చప్పుడు వినిపించింది. అశ్విని తలుపు వైపు చూసింది, కెమెరా వైపు చూసింది. పళ్ళు బిగించి లైటర్ వెలిగించింది.

మ్యాపు బూడిదైంది. దిలీప్ తాపీగా రీలు చుట్టి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె వెళ్ళగానే ఇయర్‌పీస్ నొక్కి జరిగింది చెప్పాడు.

"నేనేం ఆర్డరిచ్చాను?" అరిచాడు చీఫ్. "సస్పెండ్ చేస్తాను!"

"చేసుకోండి సార్. నా తమ్ముడి కోసం ఇలాంటి ఉద్యోగాలు పది పోయినా నాకు లెక్కలేదు."

అవతల చీఫ్ గొంతు దిగింది. "మరి... ఆ రీల్లో ఏముంది?"

"మా మామ్మ."

రేవులో రీలు ఒక తెల్లటోపీ దొర జేబులోకి మారింది. మరుక్షణం చీఫ్ మనుషులు అశ్విని చేతికి సంకెళ్ళు వేశారు. దొరను మాత్రం పోనిమ్మన్నాడు దిలీప్. పాపం, ఫొటో చూసుకోవాలి కదా.

నెల తిరిగేసరికి సాయి క్షేమంగా చోడవరంలో దిగాడు. అచ్చియ్యమ్మ పెద్ద మనవడి చొక్కా పట్టుకుంది.

"నా బొమ్మేదిరా?"

"ఫారిన్ ఎల్లింది మామ్మా."

"నా మొకంతో ఆళ్ళకేటి పని?"

ఆ సంగతి చీఫ్‌కి నిన్ననే కబురొచ్చింది. అక్కడి కోడ్ ఎక్స్‌పర్టులు స్కేళ్ళు పట్టుకుని, ఆ ముసలమ్మ వేలు ఏ సముద్రం వైపు చూపిస్తోందో కొలుస్తున్నారట. అది తిన్నగా తమనే చూపిస్తోందని ఇంకా ఒక్కడికీ తట్టలేదట.