ఏనుగు ఆగిపోయిన ఆట

పన్నెండూ ఐదుకి ఏనుగు చచ్చిపోయింది.

ఏనుగంటే కంప్యూటర్. బీరువా అంత మిషన్. దాన్ని వరండా చివరి గదిలో పెట్టి, హాల్లో కీబోర్డు ముందు కూర్చుని, అది చెప్పిన ఎత్తులు బోర్డు మీద వేస్తున్నాడు యజమాని. ఆయన్ని అందరూ ఏనుగాయన అంటారు. ఎదురుగా లెక్కల టీచరు. ఆమె ప్రోగ్రామ్ నడిచేది మూత విరిగిన పాత లాప్‌టాప్ మీద. కంప్యూటర్ చెస్ ఫైనల్ అది.

ఏనుగాయన గదిలోకి పరుగెత్తాడు. వెనకే పోటీకి తీర్పరిగా ఉన్న ఆర్బిటర్. తిరిగొచ్చేటప్పుడు ఆర్బిటర్ చేతిలో టీచరు ఉన్ని స్కార్ఫ్ ఉంది.

"మిషన్ వెనక, వేడిగాలి బయటికొచ్చే జాలీలో కుక్కి ఉంది," అంటూ దాన్ని బల్ల మీద పడేశాడు. కిందున్న స్కోర్ షీటు మీద సిరా అలుక్కుపోయింది.

తలుపులు మూశారు. పోలీసులకి ఫోన్ చేశారు.

టీచరు అడకత్తెరలో పోకచెక్క అయింది. పొద్దున అందరి ముందూ నోరు చేసుకున్నది ఆమే. "ఇదేం పోటీ? సైకిలుకీ రైలుకీ పందెమా? అందరికీ ఒకే రకం మిషన్ ఇవ్వండి," అంది. ఆ కోపంలోనే ఏనుగు గదిలోకి వెళ్లి చూసొచ్చింది కూడా. ఇప్పుడదంతా మెడకు చుట్టుకుంది. నేరం రుజువైతే జీవితాంతం నిషేధం. ఏళ్లతరబడి రాసుకున్న ప్రోగ్రామ్ ఇక ఏ పోటీలోనూ ఆడదు. కిటికీలకి కూడా గడియలు వేసి ఉన్నాయి.

వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకి చెస్ రాదు. ఆ మాట ముందే చెప్పేసింది.

"ఆట ఎప్పుడు మొదలైంది?"

"పదింటికి," అన్నాడు ఆర్బిటర్.

"టీచర్ గారు మధ్యలో లేచారా?"

"లేదండీ."

"ముందే కుక్కేసిందండీ," అన్నాడు ఏనుగాయన. "రెండు గంటలు వేడెక్కీ వేడెక్కీ ఆగిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నారట, అలా ఉంది ఈవిడ వ్యవహారం."

"స్కార్ఫ్ ఎక్కడ పెట్టారమ్మా?"

"వానలో తడిసింది. వరండాలో కొక్కేనికి తగిలించాను." అంది టీచరు.

"మిషన్ దానంతటదే ఆగిపోతే?"

"ఆట పోయినట్టే," అన్నాడు ఆర్బిటర్. "ఎవరైనా చెడగొడితే మాత్రం రద్దు. మళ్లీ మొదటినుంచి ఆడాలి."

"అప్పటికి గెలుస్తున్నదెవరు?"

ఆర్బిటర్ నసిగాడు. "టీచర్ గారే."

"మిషన్ ఆగాక గదిలోకి ముందు వెళ్లిందెవరు?"

"ఆయనే. నేను చేరేసరికి తలుపేసి ఉంది, లోపల గడియ పడిపోయిందన్నారు. తీసేదాకా నేను బయటే ఉన్నాను."

ఇన్‌స్పెక్టర్ ఏనుగాయన వైపు తిరిగింది. "మీ మిషన్ బాగా వేడెక్కుతుందా?"

ఆయన ఛాతీ పొంగింది. "ఆ జాలీ దగ్గర చెయ్యి పెట్టలేరు మేడమ్."

ఆమె స్కార్ఫ్ తీసి పిండింది. బల్ల మీద రెండు చుక్కలు పడ్డాయి.

"రెండు గంటలు ఆ కుంపటి మీద ఉండుంటే ఈ గుడ్డ ఎప్పుడో ఆరిపోయేది. అంటే ఏనుగు ఆగాకే ఇది లోపలికెళ్లింది. ఓడిపోతున్నారని తెలిసి మీరే ఈ కీబోర్డు నుంచి మిషన్ ఆపారు. పోతూ పోతూ కొక్కేనికున్నది లాక్కున్నారు. గడియ పడలేదు, మీరే వేశారు."

ఏనుగాయన తల దించుకున్నాడు. "ఆ డొక్కు లాప్‌టాప్ చేతిలో ఓడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

తలుపులు తెరిచారు. ఆట టీచరుదేనని ఆర్బిటర్ రాసేశాడు. ఆమె మాత్రం కదల్లేదు. లాప్‌టాప్‌ని ఏనుగాయన ముందుకి జరిపింది.

"ఇంకొక్క ఆట ఆడదామండీ. మీ ఏనుగు మీద నా ప్రోగ్రామ్. దీని మీద మీది."

ఆయన లాప్‌టాప్ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆడండి సార్. మద్దెల మార్చారుగా."