తోలు కట్టిన గంటలు

నవంబరు ఆదివారం... మధ్యాహ్నం మూడు దాటిందో లేదో, అప్పుడే అసురసంధ్య!

ఎక్సెటర్ నగరాన్ని కారుమేఘాలు కమ్మేశాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా పెద్ద చర్చి కప్పు మీది సముద్రపక్షులు పసిపిల్లల్లా ఏడుస్తున్నాయి...!

ఆ నేల కింద, వందల ఏళ్ల నాడు చర్చికి మంచినీళ్లు తేవడానికి తొలిచిన సొరంగంలో టామ్సిన్ లస్కోంబ్ కదల్లేక పడి ఉంది. పదేళ్లుగా యాత్రికులకు ఆ సొరంగాలు చూపించి పొట్టపోసుకుంటున్న మనిషి. ప్రతి మలుపూ కంఠతా వచ్చు. ఏం లాభం? ఆఖరి విడతకు వచ్చింది ఒక్కడే. ఆంబ్రోస్ పిన్హే, నగర చరిత్ర రాస్తున్నానని చెప్పుకు తిరిగే పెద్దమనిషి! లోపలికి రాగానే ఇనుప తలుపుకు గడియ పెట్టి, గుప్పెడు బూడిద ఆమె మొహాన ఊదాడు. అంతే... కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయాయి.

నడుము ఎత్తే వీలు లేని ఆ ఇరుకులో ఐదు నల్ల కొవ్వొత్తులు. వాటి నడుమ... కపాలం!

"ఉరికంబమెక్కిన మంత్రగత్తె ఇది," అన్నాడు దాన్ని నిమురుతూ. "ఒంటి కోసం మూడు వందల ఏళ్లుగా మొహం వాచి ఉంది పాపం. నీ ఒళ్లు దానికి, దాని విద్యలు నాకు! నీ పేరు నువ్వు మరిచిపోయిన క్షణాన పని పూర్తి."

"మా నాన్న పైన గంటల గోపురంలోనే ఉన్నాడు... అరుస్తాను!"

"అరుచుకో పిల్లా! ఆ గంటల మోతంటేనే దీనికి చావు. అందుకేగా ఈ రోజు ఏరుకున్నాను! యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే ఆదివారం. గంటల నాలుకలన్నింటికీ తోలు కట్టేశానని నిన్న మీ నాన్నే చెప్పాడు. ఒక గ్లాసు బీరు పోయిస్తే చాలు, ముసలాడికి నోట్లో నువ్వుగింజ నానదు! మూగ గంటలే, పిల్లా... మూగ గంటలు!"

టామ్సిన్‌కు చటుక్కున గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్నకు ఆ తోలుపట్టీలు అందించిన చెయ్యి ఆమెది. ఈ ఆదివారం తోలు నాలుకకు ఒక పక్కనే కడతారు! ఒక దెబ్బ ఖంగుమంటుంది, మరు దెబ్బ దూరపు ప్రతిధ్వనిలా మూలుగుతుంది. గంటలు కొట్టేవాళ్లలో అది వేరే చెప్పే మాట కాదు, అందుకే నాన్న చెప్పలేదు. ఈ దుర్మార్గుడికి తెలియదు!

ఇంకాసేపట్లో గంటలు మోగుతాయి; ఈలోగా నోరు జారితే పని మరో రోజుకు వాయిదా వేస్తాడు, తను మాత్రం వాడి చేతుల్లోనే ఉండిపోతుంది. ఆమె పళ్లు బిగించింది.

మంత్రోచ్చారణ మొదలైంది... భీకరంగా... నీచస్వరంలో! చల్లనిదేదో ముక్కుపుటాల్లోంచి జారి గొంతులో గూడు కట్టుకుంది. ఆమె నోటితోనే ఎవరో ముసలిది కిచకిచ నవ్వింది. ఊరి పేరు చెరిగిపోయింది... నాన్న ముఖం చెరిగిపోయింది... తన పేరు... టా... టా...

ఢాం! ఢాం! ఢాం!

చిన్న గంటనుంచి పెద్ద గంటదాకా వరుసగా విరుచుకుపడ్డాయి! కపాలం ఎగిరిపడింది. ఆమె గొంతులోంచి ఆ పిశాచి కెవ్వుమంటూ బయటికి ఊడిపడింది.

"అసంభవం! తోలు కట్టాడుగా!"

మరు వరుస మెత్తగా, నీళ్లలోంచి వచ్చినట్టు మోగింది.

"హ్హహ్హహ్హ! ఇప్పుడు మూగబోయాయి! పో, దాని ఒంట్లోకి పో!"

ఆమె చేతుల్లోకి ప్రాణం వచ్చింది. రెండు చేతులా నోరూ ముక్కూ మూసుకుని బోర్లా పడిపోయింది. దారి దొరకని పిశాచికి ఎదురుగా కనబడింది విరగబడి నవ్వుతున్న మాంత్రికుడి నోరు! సరాసరి దూరిపోయింది.

ఢాం!

మూడో వరుస ఆ పిశాచిని పెకలించింది, వాడి ప్రాణంతో సహా! కాలిన వత్తిలా నల్లబడి కూలాడు. కపాలం పిండి పిండి అయింది.

ఆమె పాకుతూ వెళ్లి గడియ తీసింది. గంటలు ఆగి, ముసలాయన గోపురం దిగి వచ్చేసరికి వానలో గోపురం మెట్ల మీద వణుకుతూ కూర్చుని ఉంది.

"ఇదేంటే, ఇలా తడుస్తున్నావ్? బుద్ధుందా?"

"నాన్నా... నా పేరేంటి?"

ఆయన నవ్వబోయాడు. కూతురి కళ్లు చూశాక నవ్వు రాలేదు. కోటు విప్పి ఆమెకు కప్పాడు.

"టామ్సిన్," అన్నాడు. "నా టామ్సిన్‌వి తల్లీ."

"మళ్లీ అను నాన్నా," అంది ఆమె, ఏడుస్తూ.