యాభయ్యో వేలు

ఉదయం ఆరింటికి కరెంటు రాగానే నగరిలోని ఆ వీధి మొత్తం మరమగ్గాల చప్పుడుతో నిండిపోయింది. అక్కడ మనుషులు మామూలు మాటలు కూడా గట్టిగానే మాట్లాడుకుంటారు. కొత్తవాళ్ళు చూస్తే పోట్లాట అనుకుంటారు. ఆ రోజు మాత్రం వరదయ్య ఇంట్లో నిజంగానే కోపాలు మొదలయ్యాయి.

వరదయ్య కూతురు భువనేశ్వరి ఇంజనీరు. తనతో చదువుకున్న ధనంజయతో కలిసి రేణిగుంటలో ఒక రేకుల షెడ్డులో చిన్న పరికరం తయారుచేసింది. దాన్ని వేలికి క్లిప్పులా తగిలిస్తే చాలు, ఎర్రటి వెలుగు వేల్లోంచి పోయి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంకె చూపిస్తుంది. తొంభై అయిదు దాటితే నిశ్చింత. ఇది 2003 నాటి మాట. అప్పటికి అలాంటివి పెద్ద ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదులు దాటి బయటికి వచ్చేవి కావు. పల్లెలో పనిచేసే ప్రతి నర్సు చేతిలోనూ అదొకటి ఉండాలని భువన నాలుగేళ్ళుగా తిండీ నిద్రా మాని తిరుగుతోంది.

ఆ రోజు పదకొండింటికి తిరుపతిలో ఒక ఆసుపత్రి పెద్ద డాక్టరు దాన్ని చూస్తానన్నాడు. ఆరోగ్యంగా ఉన్న యాభైమంది అంకెలు రాసి తెమ్మన్నాడు. ఆయన బాగుందంటే పరికరం నలుగురి చేతుల్లోకి వెళ్తుంది. బాగాలేదంటే షెడ్డుకు తాళం వేసుకోవడమే.

నలభై తొమ్మిది అంకెలు ముందురోజే వీధిలోనే దొరికాయి. ముసలివాళ్ళు జాతకం చెప్పించుకోవడానికి వచ్చినట్టు వరసగా కూర్చుని వేళ్ళిచ్చారు. నూలుకు రంగులద్దే నలుగురి దగ్గర మాత్రం చిక్కొచ్చింది. నీలం రంగు పట్టిన వేళ్ళకు అంకె బాగా తక్కువ చూపించింది. బ్లీచింగ్ పౌడరుతో కడిగిస్తే సరిపోయింది. ఆ కిటుకు కనిపెట్టినందుకు భువన తన తెలివికి తానే మురిసిపోయింది కూడా. యాభయ్యో పేరు మాత్రం నాయనదే ఉండాలని ఆపి పెట్టుకుంది.

"నాయనా, వేలు ఇట్ల పెట్టు."

వరదయ్య పంచెకు చెయ్యి తుడుచుకుని వేలు చాచాడు. ఎనభై ఆరు.

"నిన్న రంగు తొట్టి దగ్గరికి పోవద్దని చెప్పినా కదా నాయనా?"

"పోలేదు పాపా."

"పోకపోతే ఈ నీలం యాడ్నుంచి వచ్చె?"

ముప్పై ఏళ్ళు రంగుల్లో నానిన చేతులవి. గోళ్ళ చుట్టూ నీలం పండక్కీ పోదు, పెళ్ళికీ పోదు. భువన ఆయన్ని పెరట్లో కూర్చోబెట్టి బ్లీచింగ్ పౌడరుతో రుద్దింది. చర్మం ఎర్రబడినా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ పెడితే మళ్ళీ ఎనభై ఆరు.

"ఇన్నాళ్ళ కష్టం నాయనా. ఈ ఒక్క రోజు నీ చేతులు శుభ్రంగా పెట్టుకోలేకపోయినావా?"

వరదయ్య తల వంచుకున్నాడు. అంతలో ఫోను మోగింది.

"ఆ అంకె తీసేయ్ భువనా," అన్నాడు ధనంజయ, ఆమె చెప్పిందంతా విని. "మీ అమ్మది రాసుకో. ఏడున్నర బస్సు తప్పిపోతే డాక్టరు మళ్ళీ దొరకడు."

భువన ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయింది. "అమ్మా, వేలు ఇయ్యి. ఒక్క నిమిషం."

చౌడేశ్వరమ్మ పెనం మీది దోసె తిప్పలేదు. "ఇయ్యను."

"ఏందమ్మా, ఇప్పుడా నీ పంతం?"

"మీ నాయనది కొట్టేసి నాది రాసుకుంటావా? రెండు నెలలుగా ఆయన మిద్దె ఎక్కల్లేదు, తెలుసునా నీకు? తొట్టి దగ్గర నిలబడలేక ఆ పని కూలోళ్ళకు ఇచ్చేసినాడు. పండుకుంటే ఊపిరాడదని గోడకానుకోని కూసుంటాడు. నువ్వొస్తే మాత్రం మూతి బిగించుకోని ఏమీ లేనట్లు ఉంటాడు."

"ఊరుకోవే," అన్నాడు వరదయ్య గుమ్మం దగ్గరి నుంచి. "నూలు దుమ్ముకు దగ్గు రాకుండా ఉంటాదా? పాప పని అయిపోనీ, ఆమీద సూసుకుందాం."

"నేనేం ఊరుకోను. వీధిలో అందరి వేళ్ళూ పట్టుకుంటివే, మీ నాయన మొగం యాపొద్దు సూసినావు?"

దోసె మాడిన వాసన వచ్చింది. భువన అప్పుడు చూసింది. ఆయన పెదవులకు కూడా సన్నగా నీలం ఉంది. పెదవులకు ఎవరూ రంగులద్దరు.

ఆమె సంచిలోంచి చిన్న క్లిప్పు తీసింది. చంటిపిల్లల కోసమని చెవికి పెట్టేలా చేసిందది. ముందు తల్లి చెవికి పెట్టింది. తొంభై ఏడు. తర్వాత తండ్రి చెవికి పెట్టింది. ఆ చెవికి జన్మలో రంగు అంటలేదు. అంకె నెమ్మదిగా దిగుతూ వచ్చి ఎనభై ఆరు దగ్గర నిలబడింది.

పరికరం మొదటిసారే నిజం చెప్పింది. తాను నమ్మలేదు. నమ్మకపోగా ఆయన చేతుల్ని తిట్టింది.

ఫోను తీసుకుని ధనంజయకు చేసింది. "యాభయ్యోది మా నాయనదే. ఎనభై ఆరు."

"ఆరోగ్యంగా ఉన్నోళ్ళవే కదా డాక్టరు అడిగింది?"

"మా నాయన ఆరోగ్యంగా లేడు. ముందు ఆయన్ని సూడమని ఆ డాక్టరును అడుగుతా. మిషను సంగతి డాక్టరుకు ఓపికుంటే ఆమీద. లేకుంటే పోనీ."

ధనంజయ వెంటనే, "బస్సు వద్దు, ఆయన్ని కారులో తీసుకురా. నేను ఆసుపత్రి దగ్గరుంటా," అన్నాడు.

చౌడేశ్వరమ్మ పొయ్యి ఆపి, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. వరదయ్య ఇంకా తన ఎర్రబడిన వేళ్ళకేసే చూసుకుంటున్నాడు.

"పాపా," అన్నాడు మెల్లగా, "అయితే నీ మిషను తప్పు సూపించలేదు కదా?"

"లేదు నాయనా."

"నా సేతుల వల్ల సెడిపోయిందేమోనని బయపడినా." ఆయన ముఖం తేటపడింది. "మంచిగా సేసినావు. డాక్టరుకు నా సెవే సూపిద్దాం."

భువన ఆయన ముందు కింద కూలబడి ఆ రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. బ్లీచింగ్ వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. ఆయన ఏదో చెప్పబోయి, ఊపిరి అందక ఆగాడు. ఈసారి ఆ ఆయాసాన్ని కూతురి దగ్గర దాచుకోలేదు.